ఎత్తు కొనే ముందు టేపు తీయండి

పాత జీపు చేతికొచ్చి నెల తిరక్కముందే చాలామందికి ఒక కోరిక పుడుతుంది. బండిని ఇంకాస్త లేపి, కింద పెద్ద టైర్లు వేయించాలని. జి.కొండూరు, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఈ కోరిక ఉత్త సోకు కాదు. హైవే దిగి మామిడితోట వైపు మళ్ళితే ఎర్రమట్టి డొంక, అందులో ట్రాక్టరు చక్రాలు తవ్విపోసిన గాడులు, గాడుల నడుమ గడ్డి మొలిచిన దిబ్బ. ఆ దిబ్బ జీపు పొట్టకు తగులుతుంది. కొండపల్లి కొండల అంచున ఉన్న ఊళ్ళలో మట్టికి తోడు రాయి కూడా. వాన పడితే వాగు చప్టా మీద నీళ్ళు. ఇవన్నీ రోజూ దాటే రైతుకి నాలుగంగుళాల ఎత్తు అంటే ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ ఎత్తు ఎక్కడ కావాలి, ఎందుకు కావాలి అన్న ప్రశ్నకు జవాబు లేకుండానే ఎక్కువమంది డబ్బులు కట్టేస్తున్నారు. మనిషి జీవితంలోనూ పెద్ద ఖర్చులు చాలావరకు ఇలాగే అవుతాయి. పక్కవాడి బండి చూస్తాం, మన బండి పొట్టిగా కనిపిస్తుంది, షాపులో ఉన్న సామాను మన అవసరం అనిపిస్తుంది. ఈ అధ్యాయం మొత్తం ఆ క్షణానికీ, డబ్బు చేతులు మారే క్షణానికీ మధ్య చేయవలసిన పని గురించి.

ముందు ఒక కాగితం మీద మీ జీపు ఏడాది పొడుగునా చేసే పని రాయండి. ఎన్ని రోజులు తారు రోడ్డు, ఎన్ని రోజులు తోట డొంక, ఎన్ని రోజులు బురద, వెనక ట్రాలీ తగిలిస్తారా, బంగినపల్లి, కలెక్టరు కాయ కోతలప్పుడు పెట్టెలు వేసుకుని మార్కెట్టుకు వెళతారా, ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కుతారా. చివరి ప్రశ్న చిన్నదనుకోకండి. నాలుగంగుళాలు లేపిన జీపు ఎక్కడానికి మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు రోజూ ఒక స్టూలు వేయాలి. ఇలా రాసి చూసుకున్నాక చాలామందికి తేలేది ఒకటే. బండి నూటికి తొంభై పాళ్ళు రోడ్డు మీదే తిరుగుతోంది, మిగతా పది పాళ్ళలోనూ అది ఆగిపోయేది ఫలానా ఒకటి రెండు చోట్లే. ఆ ఒకటి రెండు చోట్లకు వెళ్ళి, దిగి, వంగి, ఏది తగులుతోందో చూడండి. ముందు బంపరా, వెనక కొక్కెమా, పొట్టలో ట్రాన్స్‌ఫర్ కేసా, ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియలా? ఈ నాలుగింటికీ మందులు వేరు.

ఇది అర్థం కావాలంటే మన జీపుల కట్టుబడి తెలియాలి. 1947లో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టినప్పటినుంచి సీజే, ఎంఎం 540, మేజర్ వరకూ చాలా బళ్ళది ఒకటే ఎముకల గూడు. పొడుగునా ఛాసిస్, ముందూ వెనకా నిండు ఇరుసులు, ఛాసిస్‌కీ ఇరుసుకీ నడుమ కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు. 1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీ కూడా ఇదే పద్ధతి. ఇలాంటి బండిలో డిఫరెన్షియల్ ఇరుసులోనే ఉంటుంది. ఇరుసు చక్రాల మధ్య వేలాడుతుంది. మీరు కమాన్లకు ఎంత ఎత్తు చేర్పించినా లేచేది ఛాసిస్, బాడీ, మీరు కూర్చున్న సీటు. ఇరుసు మాత్రం అంగుళం కూడా లేవదు. గాడి మధ్య రాయి డిఫరెన్షియల్‌కే తగులుతోందనుకోండి, నాలుగంగుళాల లిఫ్టు వేయించాక కూడా అదే రాయి అదే చోట తగులుతుంది. ఇరుసును లేపగలిగింది టైరు ఒక్కటే.

టైరు ఎంత లేపుతుందో ఇంట్లో కూర్చుని లెక్క కట్టవచ్చు. టైరు పక్కన 215/75 ఆర్15 అని ఉంటే, వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం అంటే 161, రిమ్ము 15 అంగుళాలు అంటే 381. పక్కగోడ పైనొకటి, కిందొకటి. అన్నీ కలిపితే వ్యాసం సుమారు 703. అదే 235/75 ఆర్15 అయితే 733. తేడా 30 మిల్లీమీటర్లు. కానీ ఇరుసు చక్రానికి నట్టనడుమ ఉంటుంది గనక లేచేది అందులో సగం, 15 మాత్రమే. కుర్రాళ్ళు మోజు పడే 31 అంగుళాల టైరు వ్యాసం సుమారు 787. 215 నుంచి దానికి మారితే ఇరుసు 42 మిల్లీమీటర్లు లేస్తుంది, అంటే అంగుళంన్నర పైచిలుకు. దాని కోసం మీరు ఇచ్చుకునేది కూడా చూడండి. చక్రం చుట్టుకొలత దాదాపు 12 శాతం పెరిగింది. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 67 మీద పోతుంటుంది. ఇంజను ప్రతి గేరులోనూ అంత మేర బరువుగా లాగాలి, కాబట్టి ఇదివరకు మూడో గేరులో ఎక్కిన గట్టు రెండులో ఎక్కుతుంది. బ్రేకు పట్టవలసిన చక్రం పెద్దదయింది, బరువెక్కింది. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తోట గట్టు మీద కాస్త మెల్లగా ఎక్కడం పెద్ద విషయం కాదు. హైవే మీద ముందు వెళ్ళే లారీ సడెన్‌గా ఆగితే ఈ బ్రేకులు చాలతాయా అన్నదే అసలు ప్రశ్న.

పొట్ట తగులుతోందా, బంపరు తగులుతోందా అంటే అప్పుడు కమాన్ల లిఫ్టుకు పని ఉంది. అక్కడ కూడా రెండంగుళాలకు మించి వద్దని నా గట్టి అభిప్రాయం. కారణం మన డొంకల్లోనే ఉంది. సీజే జాతి జీపుకి కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ మధ్య దూరం నాలుగడుగులకు కాస్త పైన. ట్రాక్టరు వెనక చక్రాల మధ్య దూరం సాధారణంగా అంతకంటే ఎక్కువ. అందుకని ట్రాక్టరు వేసిన రెండు గాడుల్లో జీపు రెండు చక్రాలూ పట్టవు. ఒక పక్క గాడిలో దిగితే రెండో పక్క దిబ్బ మీద ఉంటుంది. అంటే మన బండి ఊరి పొలాల్లో సగం సేపు పక్కకు ఒరిగే నడుస్తుంది. సన్నటి బండి, ఒరిగిన నడక, వెనక మామిడి పెట్టెలో మనుషులో. అలాంటి చోట బరువును పైకి జరిపిన ప్రతి అంగుళమూ బండిని బోల్తాకు దగ్గర చేస్తుంది. విశాలమైన ఎడారుల్లో, వెడల్పాటి బళ్ళ మీద చేసే లిఫ్టులు చూసి మన డొంకలకు కొలత తీసుకోకూడదు.

కోల్పోయిన ఎత్తు

ఇంతకీ మీ జీపు ఇప్పుడు ఎంత ఎత్తులో ఉంది? పాతికేళ్ళు నిండిన జీపు కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులో ఉండదు. కమాన్లు కుంగి ఉంటాయి. మీకు కావలసిన ఎత్తులో సగం మీ దగ్గర ఇదివరకే ఉండి పోయినదే కావచ్చు.

ఆ ఎత్తు కొలవడానికి కల్లం లాంటి చదును నేల కూడా పనికిరాదు. గచ్చు చేసిన చోట, రైసుమిల్లు గోడౌన్‌లోనో పెట్రోలు బంకులోనో బండి ఆపండి. టైర్లలో గాలి సమానంగా పెట్టించండి. చక్రం నడిబొడ్డు నుంచి నిటారుగా పైకి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టి కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతుంది, అందుకే నడిబొడ్డు నుంచి. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. ఎడమకూ కుడికీ తేడా వస్తే ఆశ్చర్యపోకండి. డ్రైవరూ, ఇంధనం ట్యాంకూ ఒకే పక్కన ఉండే జీపుల్లో ఆ పక్క ఎక్కువ కుంగడం మామూలే. తర్వాత బండి కిందకు దూరి కమాన్ కట్టను పక్కనుంచి చూడండి. ఖాళీ బండికి అది ఇంకా విల్లులా వంగి ఉందా, బల్లపరుపుగా చదునైపోయిందా, లేక తలకిందులుగా వంగిందా? పట్టీల మధ్య ఎర్రటి తుప్పు పొడి రాలుతోందా? మెయిన్ పట్టీ చుట్టు దగ్గర వెంట్రుకవాసి పగులు ఏమైనా ఉందా? కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే శాకిల్‌ను సన్న గునపంతో మీటితే బుష్ లొడలొడలాడుతోందా? ఈ చూపుకి పది నిమిషాలు చాలు. ఇది చూసుకోకుండా లిఫ్టు కిట్టు కొన్నవాళ్ళు అరిగిన బుష్‌ల మీద, పగిలిన పట్టీల మీద కొత్త బరువు మోపుతున్నారు.

చాలా జీపులకు అరిగిన బుష్‌లూ శాకిళ్ళూ మార్చి, కమాన్లను కంపెనీ వంపుకి తెప్పిస్తేనే అంగుళమో ఒక్కోసారి అంగుళంన్నరో తిరిగొస్తుంది. ఆ తర్వాత మీరు ఇదివరకు ఆగిపోయిన ఆ చోటికే మళ్ళీ వెళ్ళి చూడండి. దాటిపోతే ఇక లిఫ్టు ఖర్చు పెట్టనక్కర్లేదు.

కమాన్ మేస్త్రి దగ్గర

ఈ ప్రాంతం వాళ్ళకున్న పెద్ద అదృష్టం విజయవాడ జవహర్ ఆటోనగర్ పక్కనే ఉండటం. లారీల మీద బతికిన ఆ పేటలో కమాన్ పని తెలిసిన చేతులు తరాలుగా ఉన్నాయి. కొత్త కట్ట కొనలేకపోతే పాతది అక్కడ బాగుచేయించుకోవచ్చు. కాకపోతే ఏం అడగాలో తెలిసి వెళ్ళాలి.

కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు. సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగు ఉక్కు. దాని సత్తా అంతా పదునులో ఉంది. సుమారు 850 డిగ్రీల దాకా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచాలి, ఆ తర్వాత 450, 500 డిగ్రీల మధ్య మళ్ళీ వేడిచేసి పెళుసుదనం తీయాలి. కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో వంచి, అలాగే గాలికి చల్లారబెడితే వంపైతే వస్తుంది, పదును పోతుంది. అలాంటి పట్టీ రెండు మూడు నెలల్లో మళ్ళీ చతికిలబడుతుంది. నీళ్ళలో ముంచితే ఇంకా ప్రమాదం, పట్టీ పెళుసెక్కి పగలవచ్చు. ఇవేమీ చేయకుండా చల్లగా ఉన్నప్పుడే దగ్గర దగ్గరగా దెబ్బలు వేస్తూ వంపు తెచ్చే పద్ధతీ ఉంది. చెయ్యి తిరిగినవాడు చేస్తే అది నిలుస్తుంది.

అక్కడ మాట ఇలా సాగాలి.

“బాబాయ్, ఈ కట్ట కుంగింది. కాల్చి వంచుతారా, చల్లగానే కొడతారా?”

“కాల్చాలి అబ్బాయ్, మరీ పడిపోయింది కదా.”

“కాలిస్తే పదును ఎక్కడ పెడతారు? నూనె తొట్టి ఉందా?”

“అదిగో ఆ మూల. చూసుకో.”

“మెయిన్ పట్టీకి చుట్టు దగ్గర పగులు కనిపిస్తోంది. దాన్ని వెల్డింగు చేయొద్దు, కొత్తది వేయండి. రెండు పక్కలా ఒకే వంపు రావాలి, బిగించాక నేను టేపు పట్టి చూసుకుంటాను.”

ఈ నాలుగు మాటలు గౌరవంగా, తెలిసినట్టు అడిగిన మనిషి పనిని మేస్త్రి వేరుగా చూస్తాడు. మంచి పనివాడికి ప్రశ్నలు కోపం తెప్పించవు, తన పని విలువ తెలిసిన గిరాకీ వచ్చాడని సంతోషిస్తాడు. కోపం తెచ్చుకున్న చోట పని ఇవ్వకండి. ఇది జీపుకే పరిమితమైన సలహా కూడా కాదు.

లిఫ్టు కోసం మేస్త్రులు చూపించే దారులు నాలుగైదు ఉన్నాయి. మేలైనది, వంపు ఎక్కువగా చేసిన కొత్త కట్ట. ఖర్చు ఎక్కువే, కానీ నడక చెడదు. రెండోది పాత కట్టకు ఒక పట్టీ చేర్చడం. బరువు మోసే బళ్ళకు, ముఖ్యంగా వెనక ట్రాలీ తగిలించేవాళ్ళకు ఇది పనికొస్తుంది. ఖాళీగా తిరిగే బండికి వేస్తే గుంత గుంతకూ నడుము విరుగుతుంది. పైగా గట్టిపడిన కమాను చక్రాన్ని గుంతలోకి దిగనివ్వదు, చక్రం గాలిలో తేలిపోయి పట్టు పోతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో గాలిలో తేలిన చక్రమే తిరుగుతుంది, నేల మీది చక్రం ఊరుకుంటుంది. ఎత్తు పెరిగి కూడా బండి కూరుకుపోయేది అందుకే.

మూడోది పొడుగు శాకిల్. చవక కాబట్టి దీని మీదే అందరి చూపు. శాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే, ఎందుకంటే కమాను రెండో కొస కదలదు. ముందు ఇరుసుకు వేస్తే ఇంకో నష్టం ఉంది. ముందు కమాన్లకు శాకిల్ ముందు కొసన ఉండే పాత సీజే జీపుల్లో పొడుగు శాకిల్ ఇరుసును ముందుకు వాల్చేస్తుంది. క్యాస్టర్, అంటే చక్రం తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గిపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నిటారుకు రాదు, వేగంలో బండి అటూ ఇటూ ఊగులాడుతుంది. కమానుకీ ఇరుసుకీ మధ్య వాలుగా కోసిన టేపర్ ముక్క పెట్టి దీన్ని సరిచేయవచ్చు, కానీ అది చేయాలని తెలిసి చేసేవాళ్ళు తక్కువ. నాలుగోది ఇరుసు మీద ఇనుప దిమ్మ పెట్టడం. వెనక ఇరుసుకు ఒక్క దిమ్మ, అదీ అంగుళంన్నర రెండంగుళాల లోపు, పర్వాలేదు. ముందు ఇరుసుకు ఎప్పుడూ వద్దు. బ్రేకు పడినప్పుడు ఇరుసు మెలిక తిరగబోతుంది, దిమ్మ ఆ మెలికకు పొడుగు చేయి ఇచ్చినట్టవుతుంది. దిమ్మ మీద దిమ్మ అసలు ఎక్కడా వద్దు. ఇక ఇరుసు కింద ఉన్న కమానును ఇరుసు పైకి మార్చి ఒక్కసారే నాలుగైదు అంగుళాలు లేపే పద్ధతి. స్టీరింగు రాడ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకులు అన్నీ కొత్తగా కట్టుకోగలిగినవాళ్ళ ఆట అది. తోటకు వెళ్ళొచ్చే బండికి ఆ జోలికి పోకండి.

2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ ఉన్నవాళ్ళకు వేరే మాట. దాని ముందు భాగంలో నిండు ఇరుసు లేదు, చక్రాలు విడివిడిగా కదులుతాయి, కమాన్ల బదులు టార్షన్ బార్లు. బోల్టు తిప్పితే ముందు భాగం లేస్తుంది కాబట్టి ఖర్చు లేని లిఫ్టు అని చెబుతారు. నిజానికి అక్కడ పెరిగిన ఎత్తు చక్రం కిందికి దిగే దూరంలోంచి తీసిందే. అతిగా తిప్పితే చక్రం గుంతలోకి దిగదు, డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు ఎప్పుడూ వంకరగానే తిరిగి తొందరగా పోతాయి.

వెంట వచ్చేవి

లిఫ్టు ఒంటరిగా రాదు. బండి రెండంగుళాలు లేచిందంటే షాక్ అబ్జార్బరు పొడుగు చాలకపోవచ్చు. చక్రం పూర్తిగా దిగినప్పుడు కమాను ఆగవలసింది పోయి షాకే చక్రాన్ని పట్టుకుని వేలాడితే దాని చెవి తెగుతుంది. జాకీ మీద ఛాసిస్ లేపి, చక్రాలు వేలాడనిచ్చి, రెండు మౌంట్ల మధ్య దూరం కొలవండి. తర్వాత రబ్బరు బంపు ఇరుసును తాకేంతగా కుదించినప్పుడు ఎంత దూరమో చూడండి. ఈ రెండు కొలతలతో షాపుకు వెళ్ళి, విప్పినప్పుడు మొదటిదానికంటే కాస్త పొడుగు, మూసినప్పుడు రెండోదానికంటే కాస్త పొట్టి ఉన్న షాకు అడగండి. బండి పేరు చెప్పి కొంటే కంపెనీ ఎత్తుకు సరిపోయేదే ఇస్తారు.

చక్రాలు వేలాడుతుండగానే బ్రేకు హోస్ పైపు చూడండి. బిగుసుకుపోయి ఉంటే పొడుగు పైపు వేయించేదాకా బండి కదపకండి. ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు జాయింటు ఎంత బయటికి వచ్చిందో, క్రాసులు ఎంత వంకరగా తిరుగుతున్నాయో చూడండి. 40, 50 దగ్గర కింద నుంచి గుయ్యిమని ఊపు మొదలైతే ఆ వంకరే కారణం. స్టీరింగు డ్రాగ్ లింకు ఏటవాలుగా మారితే గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగు దానంతటది తిరుగుతుంది. యూ బోల్టులు విప్పినవి మళ్ళీ వాడొద్దు. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అంత గట్టిగా పట్టదు. ఇన్ని లక్షల బండిని ఇరుసుకు కట్టి ఉంచేది ఆ ఎనిమిది బోల్టులే.

నేలను బట్టి టైరు

జి.కొండూరు, మైలవరం వైపు ఎక్కువగా ఎర్ర నేలలు, రాయి, గరప. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట వైపు పత్తి పండే నల్ల రేగడి. అరగంట దూరంలో టైరు అవసరం మారిపోతుంది.

రేగడి తడిస్తే బంకలా పట్టుకుంటుంది. టైరు గ్రిప్పు సందులు నిండిపోయి, నాలుగు చక్రాలూ నున్నటి గుండ్లవుతాయి. అక్కడ సందులు వెడల్పుగా, లోతుగా ఉండి, తిరుగుతున్నకొద్దీ మట్టిని విసిరేసే మడ్ టైరే పని చేస్తుంది. మళ్ళీ అదే టైరు తడిసిన తారు రోడ్డు మీద తక్కువ పట్టు ఇస్తుంది, రొద పెడుతుంది, తొందరగా అరుగుతుంది. ఏడాదిలో కొద్ది రోజుల రేగడి కోసం మిగతా రోజులన్నీ దాన్ని భరించాలా అన్నది మీ కాగితం చూసుకుని తేల్చండి. ఎర్రమట్టికీ, రాతి డొంకకీ, రోడ్డుకీ కలిపి ఆల్ టెరైన్ టైరు చాలు. రాతి మీద నేను గ్రిప్పు కంటే పక్కగోడ గట్టితనం చూస్తాను. క్వారీ దారుల్లో కంకర పలుకు పక్కగోడను కోసేస్తే పంక్చరు షాపువాడు కూడా ఏమీ చేయలేడు.

పాత జీపులకు వచ్చిన 6.00-16 నైలాన్ టైరును చులకన చేయకండి. సన్నగా ఉండి పైపైని బురదను కోసుకుంటూ కింద గట్టి నేలను పట్టుకుంటుంది, ధర తక్కువ, పాత స్టీరింగుకు తేలిక. పైన మెత్తగా, అడుగున గట్టిగా ఉండే చోట వెడల్పు టైరు కంటే ఇదే ముందుకు వెళుతుంది. అడుగే లేని లోతు బురదలో, ఇసుకలో వెడల్పు నెగ్గుతుంది. వెడల్పు టైరు కోసం రిమ్ము కూడా మారాలని గుర్తుంచుకోండి. సన్న రిమ్ము మీద 235 ఎక్కిస్తే టైరు ఉబ్బి మధ్యలోనే అరుగుతుంది. వెడల్పు రిమ్ము బయటికి పొడుచుకొస్తే చక్రం బేరింగుల మీద బరువు పెరుగుతుంది.

బురదలో గాలి తగ్గించి 18, 20 పౌండ్లకు తెచ్చుకుంటే టైరు నేల మీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. చాలా చోట్ల లిఫ్టు చేయలేని పని ఈ ఒక్క చిన్న పని చేస్తుంది. ట్యూబు ఉన్న టైరులో మాత్రం మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి, ట్యూబును లాక్కుపోయి వాల్వు తెంపేస్తుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి నింపాలి కాబట్టి చిన్న కంప్రెసరు బండిలో ఉండాలి.

సెకండ్‌హాండ్ టైర్లు కొనేటప్పుడు పక్కగోడ మీద గుండ్రటి గడిలో ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గ్రిప్పు నిండుగా ఉండి ఏళ్ళ తరబడి ఎండకు ఎండిన టైరు అరిగిన టైరు కంటే మోసకారి, దాని లోపం కంటికి కనపడదు. గ్రిప్పు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది మన మోటారు వాహనాల నిబంధన. బురదలో తిరిగే బండికి అంత దాకా ఆగితే కుదరదు.

టైరు బిగించాక స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఆ పక్క ముందు చక్రాన్ని ఒక గట్టు మీదకు ఎక్కించి చూడండి. చదును నేల మీద ఎక్కడా తగలని టైరు అప్పుడు కమానుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది.

నీళ్ళ మాట, కాగితాల మాట

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు ఎలా పొంగిందో ఈ ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెలగలేరు దిగువన డైవర్షన్ కాలువకు గండ్లు పడి నీళ్ళు విజయవాడను ముంచాయి. ఆ తర్వాత ఎత్తు జీపుల మీద మోజు పెరిగితే అర్థం చేసుకోగలను. కానీ నిలిచిన నీళ్ళు వేరు, పారే నీళ్ళు వేరు. రెండడుగుల లోతున జోరుగా పారే నీరు చాలా వాహనాలను పక్కకు తోసేయగలదు. పెద్ద టైర్లలో గాలి ఎక్కువ, అవి బండిని ఇంకాస్త తేలుస్తాయి. చప్టా మీద నీళ్ళు పారుతుంటే లిఫ్టు ఉన్నా లేకున్నా ఆగిపోవలసిందే. నిలిచిన నీళ్ళు దాటి వచ్చినా, ఇంటికొచ్చాక రెండు డిఫరెన్షియళ్ళ నూనె చూడండి. పాలలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయి, వెంటనే మార్చండి.

చట్టం ఏమంటుందో కూడా ముందే తెలుసుకుని ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండి మౌలిక రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఆర్‌సీ పొడిగించుకోవాలి, అప్పుడు బండిని అధికారి ముందు నిలబెట్టాలి. కమాన్లు, బుష్‌లు, షాకులు కంపెనీ కొలతకు బాగుచేయించుకోవడం, కంపెనీ అనుమతించిన సైజు టైర్లు వేయించడం మరమ్మతు కిందికి వస్తాయి. దాన్ని దాటి పోవాలంటే ముందు రవాణా కార్యాలయంలో అడగండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఇలాంటి మార్పులనే. కొండపల్లి రిజర్వు అడవిలోకి సరదాకి బండి తోలడం కూడా నేరమే, ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ఉంది. ఈ ప్రాంతంలో మిగిలిన అడవిని టైర్ల కింద వేయకండి.

డబ్బు అంచెలంచెలుగా పెట్టేవాళ్ళు ఈ వరస పాటించండి. ముందు బ్రేకులు, బుష్‌లు, శాకిళ్ళు, కమాన్ల పదును. కొంతకాలం తిరిగాక షాకులు. టైర్లు అరిగి మార్చవలసిన సమయం వచ్చినప్పుడే మంచి టైర్లు. వీటితో ఒక వానాకాలం గడపండి. అప్పటికీ పొట్ట తగులుతున్న చోటు మిగిలి ఉంటే రెండంగుళాల లోపు లిఫ్టు. డిఫరెన్షియల్ మీద దెబ్బ పడుతోందంటే కింద ఒక దళసరి ఇనుప రేకు కాపుగా వేయించడం అన్నిటికంటే చవకైన మార్గం.

కమాన్ పని అయిన రోజు బండి దూరం తోలకండి. ఊళ్ళోనే తిప్పి, బ్రేకు నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, ఆపి, యూ బోల్టులు బిగించండి. మొదటిసారి పూర్తి బరువు వేసి తిరిగొచ్చాక మళ్ళీ బిగించండి. రెండు వందల కిలోమీటర్లు నిండాక ఇంకోసారి. ఆ మూడోసారి టేపు తీసి నాలుగు చక్రాల దగ్గరా కొలిచి, మొదటి రోజు రాసుకున్న కాగితం మీదే పక్క గడిలో రాయండి. పావంగుళం దిగితే కొత్త కమాను సర్దుకుంది. ఒక పక్క మాత్రమే అరంగుళం దిగితే బండి తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళండి, కాగితం చూపించండి.